మూడెకరాల వరికి పెట్రోల్ ఇంజను: రెండంగుళాలదా, మూడంగుళాలదా?

శివారు చేను (నాగాయలంక వైపు):

అందరికీ నమస్కారం. మాది దివిసీమలో శివారు ఊరు. కాలువ మీద చివరి తూము మాదే. పై ఊళ్ల చేలు తడిశాక మిగిలితే మాకు, లేకపోతే లేదు. మూడెకరాలు కౌలుకు చేస్తున్నాను. మా ఆయన లారీ మీద వెళతారు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తారు. చేలో పని, నీళ్ల పని అంతా నేనే చూసుకుంటాను.

పోయిన సార్వాలో (వానకాలం పంటలో) వరి పొట్ట మీద ఉండగా కాలువకు వంతులు పెట్టారు. మా వంతు వచ్చేసరికి తూము దగ్గర మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. పక్కనే మురుగు కాలువ నిండుగా పారుతోంది. మావయ్య గారి కాలం నాటి ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజను ఇంట్లో ఉంది గానీ, దాన్ని గట్టెక్కించాలంటే నలుగురు మగవాళ్లు కావాలి. రెండు రోజులు బతిమాలితే తెచ్చి పెట్టారు. మూడో రోజు పొద్దున్నే ఎవరూ రాకపోయేసరికి నేనే హ్యాండిల్ తిప్పాను. ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిల్ వచ్చి కుడి మణికట్టుకు తగిలింది. నలభై రోజులు పిండికట్టుతో ఉన్నాను. ఈలోగా దూరపు మడి నెర్రెలిచ్చింది. కోతల రోజు ఆ మడిలో ఒక వెన్ను తెంపి ఎడమ చేత్తో నలిపి చూశాను. ఊక రాలింది తప్ప గింజ లేదు.

ఈ ఏడు అలా జరగనివ్వను. తాడు లాగితే స్టార్టయ్యే పెట్రోల్ ఇంజను ఒకటి కొనుక్కుని, ఎక్సెల్ బండి మీద వేసుకుని, నేనే తీసుకెళ్లి నేనే నడుపుకోవాలని ఉంది. షాపులో మూడు చూపించారు. ఒకటి 7 హార్స్‌పవర్, పైపు నోరు రెండంగుళాలది, నేనెప్పుడూ పేరు వినని కంపెనీ, 13 వేలు. రెండోది పేరున్న కంపెనీ, మూడంగుళాలది, 30 వేల పైన. మూడోది ప్రెజర్ పంపు, ఒకటిన్నర అంగుళం. నాలుగో అంతస్తుకు కూడా నీళ్లు ఎక్కిస్తుందన్నాడు. హార్స్‌పవర్ ఎక్కువుంటే నీళ్లు ఎక్కువ పోస్తుంది గదా అని 13 వేల దాని మీద మనసు పోతోంది. ఉన్న డబ్బు కూడా దానికే సరిపోతుంది. కానీ ఒకసారి కొన్నాక మళ్లీ కొనే స్తోమత లేదు. వాడిన వాళ్లు ఉంటే చెప్పండి. పెట్రోలు ఎంత తాగుతుంది? ఆడవాళ్లు ఒక్కరే నడుపుకోగలరా?

ఇంజన్ల షెడ్డు (రేపల్లె):

అమ్మా, ముందు ఆ చెయ్యి సంగతి. డీజిల్ హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి. గుప్పిట బిగించి పడితే ఎదురు తన్నినప్పుడు చెయ్యి వదిలించుకోలేం. ఆ ఇంజను ఇంకా ఇంట్లోనే ఉందంటున్నారు, ఎవరు తిప్పినా ఈ మాట చెప్పండి.

నాకు 22 ఏళ్లుగా ఇదే పని. నది అవతల మీ వైపు నుంచి కూడా పంపులు నా షెడ్డుకు వస్తుంటాయి. ఇంజను పాడై వచ్చేవి తక్కువ. "నీళ్లు ఎత్తట్లేదు" అని వచ్చేవే ఎక్కువ. వాటిలో కూడా సగానికి సగం పంపు బాగానే ఉంటుంది, తప్పంతా సక్షన్ పైపులో, అంటే కాలువ నుంచి పంపుకు నీళ్లు తెచ్చే పైపులో ఉంటుంది. అందుకే కొనే ముందు షాపుకు వెళ్లకండి, టేపు పట్టుకుని గట్టు మీదికి వెళ్లండి. నీటి మట్టం నుంచి ఇంజను పెట్టే చోటికి ఎన్ని అడుగులు, అక్కడి నుంచి చేలో నీళ్లు పడే చోటికి ఎత్తు ఎంత, దూరం ఎంత, ఈ మూడూ రాసుకోండి.

మొదటి కొలత అన్నిటికన్నా ముఖ్యం. పంపు నీళ్లను లాగుతుందని అందరం అంటాం. నిజానికి పంపు పైపులో గాలి తీసేస్తే, బయటి గాలి బరువే నీళ్లను పైకి తోస్తుంది. ఆ గాలి బరువు లెక్కన 34 అడుగులు దాటి ఎవరి తరమూ కాదు. మన పంపులకు 25 అడుగులు ఆఖరు. 12, 15 అడుగుల లోపు ఉంటేనే పైపు నిండా నీళ్లు వస్తాయి. ఇంజను కొత్తదైనా, 7 హార్స్‌పవర్ అయినా, 70 అయినా ఈ లెక్క మారదు. తోసేటప్పుడు ఇంత ఇబ్బంది లేదు. కాబట్టి ఇంజనును ఎప్పుడూ నీళ్లకు దగ్గరగా, కిందికి పెట్టాలి. ఎత్తు గట్టు మీద పెట్టి లాగించడం కన్నా, గట్టు వాలులో పారతో ఒక మెట్టు చెక్కి దాని మీద పెట్టి పైకి తోయించడం మేలు.

ఇక ఏ సైజు అన్నది. ఎకరం మీద ఒక అంగుళం నీళ్లు నిలవాలంటే దాదాపు లక్షా మూడు వేల లీటర్లు కావాలి. మూడంగుళాల పంపు కాగితంలో నిమిషానికి 1,100 లీటర్ల వరకు రాస్తారు. అది ఎత్తు లేనప్పటి లెక్క. నేను 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తుంటాను. మొత్తం పది పన్నెండు అడుగుల ఎత్తులో మూడంగుళాలది 15 సెకన్లలో డ్రమ్ము నింపింది, అంటే నిమిషానికి 800. రెండంగుళాలదానికి 25 సెకన్లు పట్టింది, నిమిషానికి 480. ఎకరానికి అంగుళం పెట్టాలంటే మొదటిదానికి రెండు గంటల పైచిలుకు, రెండోదానికి మూడున్నర గంటలు దాటుతుంది. మూడంగుళాలది గంటకు లీటరుంబావు నుంచి లీటరున్నర తాగుతుంది. రెండంగుళాలది గంటకు లీటరే తాగినా, ఎకరం తడిసేసరికి అదే ఎక్కువ తాగినట్టవుతుంది. మీ శివారులో ఎత్తు తక్కువ, నీళ్లు ఎక్కువ కావాలి. మూడంగుళాలదే మీకు సరి. ప్రెజర్ పంపు కొండ వాలు తోటలకు, స్ప్రింక్లర్లకు. వరికి దాని దగ్గరికి కూడా పోకండి.

13 వేలది వద్దని ఒక్క మాటలో అనను, నడుస్తున్నవి చూశాను. కానీ కొనే ముందు షాపువాడిని మెకానికల్ సీలు, ఇంపెల్లరు (పంపు లోపల తిరిగి నీళ్లను తోసే చక్రం), తాడు స్ప్రింగు, కార్బొరేటర్ వాషర్లు తీసి కౌంటరు మీద పెట్టమనండి. పెట్టగలిగితే ఆలోచించండి. "తెప్పిస్తాం" అంటే మాత్రం కొనొద్దు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు వారం రోజులు సీలు కోసం ఎదురుచూడలేరు.

డబ్బు సంగతి కూడా దాచను. మూడెకరాలకు రెండేసి అంగుళాల తడి అంటే పదమూడు గంటల పని, 17 లీటర్ల పెట్రోలు. లీటరు 110 చొప్పున దాదాపు 1,900 రూపాయలు. డీజిల్ ఇంజనుతో ఇందులో అరవై శాతం ఖర్చుతో అయిపోతుంది. పదెకరాలు, దాళ్వా (రెండో పంట) కూడా ఉంటే డీజిలే కొనమనేవాణ్ణి. మీరు ఏడాదికి మూడు నాలుగు తడులకు, ఒంటి చేత్తో నడుపుకోవాలి కాబట్టి పెట్రోలే. బరువు 27 కిలోల చుట్టూ ఉంటుంది. ఎక్సెల్ మీద పెట్టేటప్పుడు పెట్రోల్ కాక్ మూసి, నిలువుగానే కట్టండి. పడుకోబెడితే ఆయిల్ వెళ్లి సిలిండర్లో, ఫిల్టర్లో చేరుతుంది.

కొన్నాక చేయాల్సినవి. కొత్త ఇంజనులో ఆయిల్ ఉండదు, మనమే పోయాలి. 600 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. పోయకుండా తాడు లాగి ఇంజను బిగుసుకుపోయేలా చేసుకున్న వాళ్లను చూశాను. ఆయిల్ తగ్గితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు మంచి ఇంజన్లలో ఉంటుంది. దానితో ఒక చిక్కు. గట్టు మీద ఒరిగేట్టు పెడితే ఆయిల్ ఒక పక్కకు పోయి, ఇంజను ఆగిపోతుంది, మళ్లీ స్టార్ట్ కాదు. పాడైందనుకుని షెడ్డుకు మోసుకొస్తారు. నేను నేల మీద సమంగా పెట్టి తాడు లాగితే చక్కగా నడుస్తుంది. అందుకే మెట్టు చెక్కేటప్పుడు మట్టం చూసుకోండి.

స్టార్ట్ చేసే ముందు పంపు పైన ఉన్న మూత విప్పి, పొంగి పొర్లేదాకా నీళ్లు పోయాలి. రోజూ, ప్రతిసారీ. లోపల ఉన్న సీలుకు ఆ నీళ్లే చల్లదనం. పొడిగా తిప్పితే కొద్ది నిమిషాల్లోనే సీలు కాలి, ఇంజనుకీ పంపుకీ మధ్య నుంచి నీళ్లు కారడం మొదలవుతుంది.

సక్షన్ పైపు స్ప్రింగు చుట్టు ఉన్న గట్టి పైపే కావాలి. మెత్తటిదైతే పీల్చుకుని మూసుకుపోతుంది. నీళ్ల నుంచి పంపు దాకా ఎక్కుతూనే రావాలి. మధ్యలో ఎక్కడైనా పంపు కన్నా ఎత్తుకు లేచి దిగితే ఆ వంపులో గాలి చేరి నీళ్లు రావు. చివర జల్లెడ తప్పకుండా ఉండాలి, అది నీళ్లలో కనీసం అడుగు లోతున ఉండాలి, కాలువ అడుగున ఉన్న బురదకు మాత్రం తగలకూడదు. మీ మురుగు కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ ఉంటుంది కదా. జల్లెడను ఒక వెదురు బుట్టలో పెట్టి, బుట్టను గెడకు కట్టి నిలబెట్టండి. చెత్త బుట్టకు అంటుకుంటుంది, చేత్తో తీసేయొచ్చు.

వేడి ఇంజనులో పెట్రోలు పోయకండి. పావుగంట ఆగండి. సీజను అయ్యాక కాక్ మూసి, దానంతటది ఆగేదాకా నడపండి, కార్బొరేటర్ ఖాళీ అవుతుంది. ఇప్పుడు వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. నాలుగు నెలలు అలాగే ఉంచితే కార్బొరేటర్లో జిగురు, తుప్పు పట్టి కూర్చుంటాయి.

బావి రైతు (అనంతపురం):

అక్కా, షెడ్డు అన్న అన్నీ చెప్పారు. ఒక్కటి నేను చెప్పాలి. మీది కాలువ కాబట్టి మీకు ఈ ఆపద రాకపోవచ్చు, చదివే మిగతా వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది బావుల సేద్యం. ఇంజను నీళ్లకు దగ్గరగా పెట్టాలన్నారు కదా, మా దగ్గర ఆ మాట పట్టుకునే ఇంజనును బావిలోకి దించుతారు. మా చిన్నాన్న కూడా అట్లే చేసినాడు. వేసవిలో నీళ్లు 40 అడుగులకు పడిపోతే, బావి లోపల బండ మీద ఇంజను పెట్టి నడిపించినాడు. గంట తర్వాత పెట్రోలు పోయడానికి దిగినాడు. పైనుంచి చూస్తే ఇంజను పక్కన కూర్చుని గోడకు ఆనుకున్నట్టు ఉంది. పిలిస్తే పలకలేదు. మా అన్న దిగబోతే మా నాయన భుజాలు పట్టి వెనక్కి లాగినాడు. లాగకపోయి ఉంటే అన్న కూడా ఉండేవాడు కాదు. చిన్నాన్నను బయటికి తీసేసరికే ప్రాణం లేదు.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, కళ్లు మండవు. తల తిరుగుతోందని తెలిసేలోపే కాళ్లలో సత్తువ పోతుంది. బావిలో, గుంతలో, మూసిన పాకలో ఇంజను నడపకండి. పెట్రోలైనా, డీజిలైనా, గ్యాసైనా అంతే. నీళ్లు 25 అడుగుల కన్నా లోతుకు పోతే దానికి కరెంటు సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి ఉండే మోటారు) ఉంది. ఎవరైనా లోపల పడిపోతే వెంటనే దిగొద్దు. ఫైర్ వాళ్లకు 101కు ఫోన్ చేయండి.

శివారు చేను:

తమ్ముడూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ చిన్నాన్న గారి మాట మా వీధిలో అందరికీ చదివి వినిపించాను.

షెడ్డు అన్నయ్య గారూ, కొలతలు తీశాను. నీటి మట్టం నుంచి గట్టు పైకి 9 అడుగులు. చేను గట్టు కన్నా 4 అడుగులు కిందికే ఉంది. గట్టు నుంచి దూరపు మడికి 160 అడుగులు. ఇంకో అనుమానం. మా మురుగు కాలువలో చలికాలం నుంచి పోటు నీళ్లు కలుస్తాయి. ఆ నీళ్లు వరికి పెట్టొచ్చా?

పైరు చూసే కుర్రాడు (మచిలీపట్నం):

అక్కా, నేను అగ్రికల్చర్ డిప్లొమా చేశాను. ఉప్పు సంగతి నేను చెబుతాను. నీళ్ల ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 2 దాకా ఉంటే వరికి ఇబ్బంది లేదు. అక్కడి నుంచి దిగుబడి తగ్గుతూ వస్తుంది, 4.8 దగ్గర సగానికి పడిపోతుంది. నాలుక మీద వేసుకుని చూస్తే ఈ తేడా తెలియదు. రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా ఆన్‌లైన్లో దొరికే చిన్న ఈసీ మీటరు కొనుక్కోండి. ఇంజను కొన్నంత ముఖ్యం అది. పోటు దిగిపోయాక, వాన పడ్డ మర్నాడు నీళ్లు పలచగా ఉంటాయి, ఆ సమయం చూసి తోడండి. నాట్లు వేసిన కొత్తలో, పూత సమయంలో వరి ఉప్పును అసలు తట్టుకోదు.

ఇంకొకటి, పెట్రోలు మిగులుతుంది. ఎప్పుడూ నాలుగంగుళాల నీళ్లు నిలబెట్టక్కర్లేదు. బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం ఒకటి మడిలో పాతండి. అందులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ రెండంగుళాలు పెట్టండి. పూతకు వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మాత్రం రెండంగుళాల నీళ్లు తగ్గనివ్వకండి. పోయిన ఏడు మీ దూరపు మడి తాలు పోయింది సరిగ్గా అక్కడే.

ఇంజన్ల షెడ్డు (రేపల్లె):

తొమ్మిది అడుగుల గట్టంటే మీకు దిగులే లేదమ్మా. నీళ్లకు నాలుగడుగుల ఎత్తులో మెట్టు చెక్కండి. వరద వచ్చే రోజు రాత్రి అక్కడ వదిలేయకండి. 160 అడుగులకు మట్టి బోదె వద్దు, సగం నీళ్లు నేలే తాగుతుంది. మడత పడే డెలివరీ పైపు మూడంగుళాలది తీసుకుని తిన్నగా మడిలోకి వేయండి. కొసన సన్నబరిచి రెండంగుళాల పైపు తగిలించకండి, నీళ్లు పడిపోతాయి.

ఉప్పు నీళ్లు తోడిన రోజు పని అయ్యాక రెండు బిందెల మంచినీళ్లు పంపులో పోసి, ఒక నిమిషం తిప్పి, కింది మూత విప్పి వదిలేయండి. ఈ పంపుల ఒళ్లు అల్యూమినియం. ఉప్పు నిలవ ఉంటే లోపల గుంటలు పడి ఇంపెల్లరుకీ ఒంటికీ మధ్య సందు పెరుగుతుంది, తర్వాత ఎంత తిప్పినా నీళ్లు సగమే.

శివారు చేను:

మూడంగుళాలది తీసుకున్నాను. మెడలో గొలుసు బ్యాంకులో పెట్టాల్సి వచ్చింది, కోతలయ్యాక విడిపిస్తాను. షాపులో సీలు, ఇంపెల్లరు కౌంటరు మీద పెట్టమని అడిగితే ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, లోపలికెళ్లి తెచ్చి పెట్టాడు. సీలు ఒకటి అదనంగా కొని ఇంట్లో ఉంచుకున్నాను.

మొదటి రోజు నీళ్లు రాలేదు. పంపు నిండా పోశాను, మెట్టు మట్టంగానే చెక్కాను, జల్లెడ బుట్టలో ఉంది. ఇంజను మోగుతోంది, డెలివరీ పైపు చప్పగా పడి ఉంది. ఆపాను, మళ్లీ నీళ్లు పోశాను, మళ్లీ లాగాను. మూడుసార్లు అలాగే. గట్టు మీద నలుగురు చేరి తలా ఒక మాట అంటున్నారు, టెన్షన్తో చేతులు వణికాయి. పైపులోనే తప్పు ఉంటుందన్న మీ మాట గుర్తొచ్చి, బట్టల సబ్బు నురగ చేసి సక్షన్ పైపు పొడుగునా రాస్తూ వచ్చాను. పంపు దగ్గర బిగింపు మీద రాయగానే నురగ లోపలికి పోయింది. విప్పి చూస్తే అందులో రబ్బరు వాషరే లేదు. పాత సైకిల్ ట్యూబు గుండ్రంగా కత్తిరించి పెట్టి, చేతనైనంత బిగించాను. ఈసారి తాడు లాగాక కాసేపటికి మెత్తటి పైపు గట్టు మీద నుంచి చేను దాకా పాము కదిలినట్టు ఒక్కసారి లేచింది. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి దూరపు మడిలో నీళ్లు పడుతున్నాయి.

తాడు ఎడమ చేత్తోనే లాగుతున్నాను, రెండో లాగుకు అందుకుంటోంది. నీళ్ల ఈసీ ఆ రోజు 1.1 ఉంది. ఇప్పటికి 14 గంటలు నడిచింది, పుస్తకంలో మొదటి ఆయిల్ 20 గంటలకు మార్చమని ఉంది. ఏ ఆయిల్ పోయాలి అన్నయ్య గారూ? వాషరు కొత్తది వేయాలా, ట్యూబు ముక్కతో నడిపించనా?

ఇంజన్ల షెడ్డు (రేపల్లె):

10డబ్ల్యూ30 పోయండి, ఫోర్ స్ట్రోక్‌ది. ఇంజను ఐదు నిమిషాలు నడిపి వేడిగా ఉన్నప్పుడే పాతది దించండి, అప్పుడే నలుసులతో సహా దిగుతుంది. ఆ తర్వాత ప్రతి వంద గంటలకు. ట్యూబు ముక్క ఈ తడికి సరిపోతుంది గానీ వాషరు వేయించుకోండి. షెడ్డుకు రానక్కర్లేదు, అవనిగడ్డ బస్సులో ఇచ్చి పంపుతాను, నాలుగు పంపుతున్నాను.